పాస్‌వర్డ్ సరైనదే, అయినా లాగిన్ పేజీ మళ్లీ మొదటికే వస్తోంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

కొత్తకలం
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నుంచి మా సైట్ లోపలికి వెళ్లలేకపోతున్నాను. వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. పిల్లల కోసం సైన్స్ వ్యాసాలు పెడుతుంటాం, నాతో కలిపి నలుగురం రాస్తాం. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ నొక్కగానే పేజీ ఒక్క క్షణం కదిలి, మళ్లీ అదే ఖాళీ ఫారం వస్తోంది. తప్పు కొట్టారని ఎర్రగా ఏమీ చూపించదు, లోపలికీ పోనివ్వదు. మిగతా ముగ్గురిదీ ఇదే పరిస్థితి. బయటి పాఠకులకు మాత్రం సైట్ మామూలుగానే తెరుచుకుంటోంది. "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కి చూశాను, మెయిల్ రాలేదు. స్పామ్‌లో కూడా లేదు.

ఎల్లుండి సూర్యగ్రహణం. కళ్లకు రక్షణ లేకుండా చూడకూడదని, ఎలా చూడాలో బొమ్మలతో రాసిన వ్యాసం డ్రాఫ్ట్‌లో ఆగిపోయింది. అది రేపటికల్లా పిల్లలకు చేరాలి. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

వానచినుకు
ముందు కుకీలు చెరిపేసి, ప్రైవేట్ విండోలో ఒకసారి ప్రయత్నించండి. లాగిన్ పేజీ తెరవగానే వర్డ్‌ప్రెస్ ఒక పరీక్ష కుకీ పెడుతుంది. అది తిరిగి రాకపోతే లోపలికి పంపదు. నాకు ఒకసారి బ్రౌజర్‌లో వేసుకున్న ప్రకటనల అడ్డుగోడ వల్ల ఇలాగే అయింది. కాకపోతే అప్పుడు కుకీలు ఆగిపోయాయని పైన రాసి మరీ చూపించింది.

కొత్తకలం
చేశానండి. రెండు బ్రౌజర్లలో, ఫోన్‌లో, ఫోన్ డేటా మీద కూడా. అన్నిట్లోనూ ఇదే.

పొద్దుతిరుగుడు
హోస్టింగ్ ప్యానెల్ చేతిలో ఉంటే మెయిల్ కోసం ఎదురుచూడక్కర్లేదు. పీహెచ్‌పీమైఅడ్మిన్ (సైట్ డేటాబేస్‌ను నేరుగా చూసి మార్చే పనిముట్టు) తెరిచి, యూజర్స్ టేబుల్‌లో మీ వరుసను ఎడిట్ చేయండి. పాస్‌వర్డ్ గడిలో కొత్తది రాసి, పక్కనున్న ఫంక్షన్ జాబితాలో ఎండీ5 ఎంచుకుని సేవ్ చేయండి. పాస్‌వర్డ్‌ను వెనక్కి చదవలేని గుర్తుగా, అంటే హ్యాష్‌గా మార్చే పద్ధతుల్లో ఎండీ5 బలహీనమైనదే, ఆ సంగతి తెలుసు. కానీ మీరు మొదటిసారి లాగిన్ కాగానే వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే గట్టి హ్యాష్‌గా మార్చి రాసుకుంటుంది. 2025లో వచ్చిన 6.8 నుంచి ఆ కొత్త హ్యాష్ బీక్రిప్ట్. ఈ పద్ధతి మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. నేను ఇలా కనీసం పదిసార్లు లోపలికి వెళ్లి ఉంటాను.

కొత్తకలం
ఇప్పుడే చేశాను. మూడుసార్లు మార్చాను. మూడుసార్లూ అదే ఖాళీ ఫారం. నాకు భయంగా ఉంది, ఎవరైనా సైట్‌లో చొరబడ్డారా?

తాళంచెవి
కంగారు పడకండి. చొరబడితే సాధారణంగా ఇలా ఉండదు, అది తర్వాత చూద్దాం. మీరు లాగిన్ ప్రయత్నాలను లెక్కపెట్టే సెక్యూరిటీ ప్లగిన్ ఏదైనా వాడుతున్నారా? వాటితో నాకు చాలా చేదు అనుభవం ఉంది. మా సైట్ ముందు ఒక ప్రాక్సీ, అంటే పాఠకులకూ మా సర్వర్‌కూ మధ్యలో నిలబడే ఇంకో సర్వర్ ఉండేది. దాని వెనక కూర్చున్న ప్లగిన్‌కు, సైట్‌కు వచ్చే ప్రతి మనిషీ ఒకే ఐపీ అడ్రస్ నుంచి వస్తున్నట్టు కనిపించేది. ఎక్కడో ఎవడో బాట్ తప్పుడు పాస్‌వర్డ్‌లు కొడితే ఆ ఐపీని మూసేసింది. అంటే మమ్మల్నందరినీ మూసేసింది. మేం పదకొండు మందిమి ఒకరినొకరం "నువ్వు తప్పు కొట్టావా" అని అడుగుతూ కూర్చున్నాం.

అలాంటిదేనేమో చూడాలంటే ఎఫ్‌టీపీలోనో ఫైల్ మేనేజర్‌లోనో డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్ లోపల ఉన్న ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చేయండి. ప్లగిన్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. లోపలికి వెళ్లాక పేరు మళ్లీ మామూలుగా పెట్టేసి, ఒక్కొక్కటే ఆన్ చేసుకోండి. డేటా ఏదీ పోదు.

కొత్తకలం
పేరు మార్చి చూశాను. మార్పు లేదు. మళ్లీ పాత పేరే పెట్టాను.

గూటిపిట్ట
నిన్నటి బ్యాకప్ ఉంటే అది వేసేయండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

దారిదీపం
గూటిపిట్ట గారూ, దయచేసి ఆ సలహా ఇప్పుడే వద్దు. బ్యాకప్ వేస్తే ఆ డ్రాఫ్ట్ వ్యాసం పోవచ్చు. పైగా తప్పు ఎక్కడుందో తెలియకుండా వేస్తే మళ్లీ అదే తప్పు ఎదురవ్వచ్చు.

కొత్తకలం గారూ, మూడు ప్రశ్నలు. ఓపిగ్గా చూసి చెప్పండి.

ఒకటి: కావాలనే తప్పు పాస్‌వర్డ్ కొట్టండి. ఏమొస్తుంది? రెండు: పాస్‌వర్డ్ మర్చిపోయారా అన్నచోట మెయిల్ ఐడీ ఇచ్చాక, "మెయిల్ పంపాం, చూసుకోండి" అన్న మాట పేజీలో వచ్చిందా, లేక మళ్లీ ఖాళీ గడి వచ్చిందా? మూడు: ఈ వారంలో సైట్ అడ్రస్‌కు సంబంధించి ఏదైనా, ఎంత చిన్నదైనా సరే, మార్చారా?

కొత్తకలం
తప్పు పాస్‌వర్డ్ కొట్టినా ఏమీ అనట్లేదు! అదే ఖాళీ ఫారం. ఇది నేను గమనించనే లేదు. రెండోదానిలో కూడా మెయిల్ పంపామన్న మాట రాలేదు, గడి ఖాళీగా తిరిగొచ్చింది.

మూడోది: పోయిన వారం సెట్టింగ్స్‌లో సైట్ అడ్రస్ నుంచి ముందున్న మూడు డబ్ల్యూలు తీసేశాను, పొట్టిగా బాగుంటుందని. అప్పుడేమీ కాలేదు, వారమంతా మామూలుగానే పనిచేసింది. నిన్న మధ్యాహ్నం హోస్టింగ్ ప్యానెల్‌లో, మూడు డబ్ల్యూలతో వచ్చినవాళ్లను అవి లేని అడ్రస్‌కు పంపించే స్విచ్ ఆన్ చేశాను. ఇంతే.

దారిదీపం
దొరికింది.

తప్పు పాస్‌వర్డ్ కొట్టినా కోప్పడట్లేదంటే, మీరు కొట్టింది అసలు వర్డ్‌ప్రెస్ దాకా చేరట్లేదన్నమాట. మీ పాస్‌వర్డ్ ముందునుంచీ సరైనదే. దాన్ని చూసినవాళ్లే లేరు.

సెట్టింగ్స్‌లో అడ్రస్ గడులు రెండు ఉంటాయి. ఒకటి సైట్ అడ్రస్, పాఠకులు వచ్చేది. ఇంకొకటి వర్డ్‌ప్రెస్ అడ్రస్, దాని ఫైళ్లు ఉండే చోటు. మీరు మొదటిది మార్చి రెండోది వదిలేసి ఉంటారు. లాగిన్ ఫారం, మీరు నింపిన వివరాలను రెండోదానికి పంపుతుంది, అంటే మూడు డబ్ల్యూలున్న పాత అడ్రస్‌కు. వారంపాటు ఆ అడ్రస్ కూడా పలికింది కాబట్టి పని జరిగిపోయింది. నిన్న మీరు ఆన్ చేసిన స్విచ్ 301 దారి మళ్లింపు. సర్వర్ "ఇక్కడ కాదు, ఆ అడ్రస్‌కు వెళ్లు" అంటుంది. బ్రౌజర్ వెళ్తుంది, కానీ ఫారంలో నింపినది వెంట తీసుకెళ్లదు. పేజీని కొత్తగా అడుగుతుంది. ఉత్తరం పట్టుకొచ్చిన మనిషిని పక్క గుమ్మానికి వెళ్లమంటే, ఉత్తరం మొదటి గుమ్మం దగ్గరే వదిలి, వట్టి చేతులతో రెండో తలుపు తట్టినట్టు. అందుకే ఖాళీ ఫారం. అందుకే రీసెట్ మెయిల్ కూడా రాలేదు, ఆ అభ్యర్థన కూడా దారిలోనే రాలిపోయింది.

ఇంకో గుర్తు కూడా ఉండి ఉండాలి: సైట్‌లో చిన్న చిన్న ఐకన్లు కొన్ని కనిపించట్లేదా? చాలా థీములు ఐకన్లను ఫాంటుగా తెస్తాయి. వేరే అడ్రస్ నుంచి వచ్చే ఫాంటును బ్రౌజర్ అనుమతి లేకుండా ఒప్పుకోదు.

కొత్తకలం
అవునండీ! మెనూ దగ్గర గీతలు, వెతికే భూతద్దం బొమ్మ పోయి ఉత్త చదరాలు కనిపిస్తున్నాయి. థీమ్ పాడైందనుకున్నాను.

దారిదీపం
సరే. ఎలాగూ పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరవగలరు కదా. ముందు డేటాబేస్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ కంప్యూటర్‌లో దాచుకోండి, అది మానొద్దు. తర్వాత ఆప్షన్స్ టేబుల్ తెరవండి. సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అని రెండు వరుసలు ఉంటాయి, రెండూ మొదటి పేజీలోనే దొరుకుతాయి. సైట్‌యూఆర్‌ఎల్ అంటే ఇందాకటి వర్డ్‌ప్రెస్ అడ్రస్, హోమ్ అంటే సైట్ అడ్రస్. సైట్‌యూఆర్‌ఎల్‌లో మూడు డబ్ల్యూలు ఉంటాయి చూడండి. మూడు డబ్ల్యూలు తీసేసి, రెండూ అక్షరం తేడా లేకుండా ఒకేలా రాయండి. ముందు హెచ్‌టీటీపీఎస్‌లో ఎస్ కూడా ఉండాలి, చివర ఏటవాలు గీత (/) వద్దు. తర్వాత కుకీలు చెరిపి లాగిన్ అవ్వండి. పొద్దుతిరుగుడు గారు చెప్పిన ఎండీ5 మార్పు చేశారు కాబట్టి, మూడోసారి పెట్టిన పాస్‌వర్డే ఇప్పుడు మీది.

వానచినుకు
కొత్తకలం గారు ఆ పని చూసుకుంటుండగా నాది కూడా చెబుతాను, దీనికి అన్నదమ్ముల్లాంటి సమస్యే. మాదాంట్లో ఖాళీ ఫారం కాదు, "ఈ పేజీ లెక్కలేనన్నిసార్లు దారి మళ్లించింది" అని బ్రౌజరే చేతులెత్తేసింది. సైట్ ముందున్న ప్రాక్సీ పాఠకుడితో హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడుతూ, వెనకున్న మా సర్వర్‌తో ఉత్త హెచ్‌టీటీపీలో మాట్లాడేది. వర్డ్‌ప్రెస్ "సురక్షితంగా రా" అని బయటికి పంపేది, ప్రాక్సీ మళ్లీ మామూలుగా లోపలికి తెచ్చేది. గానుగెద్దులా అలా తిరుగుతూనే ఉంది. ప్రాక్సీ నుంచి సర్వర్ దాకా కూడా హెచ్‌టీటీపీఎస్ పెట్టాక తీరింది. సర్వర్ మీద సర్టిఫికెట్ లేకుండా ఈ సమస్యకు అడ్డదారి వెతికేవాళ్లు ఉన్నారు, నేనైతే వద్దంటాను. ఆ చివరి భాగంలో పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలాగే ప్రయాణిస్తుంది.

నీలిసిరా
నాది ఇంకా విచిత్రం. థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్‌ను మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి రెండు పదాలు మార్చి సేవ్ చేశాను. అంతే, లాగిన్ పోయింది. నోట్‌ప్యాడ్ ఆ ఫైల్ మొదట్లో కంటికి కనపడని 3 బైట్ల గుర్తు పెట్టిందట, బామ్ అంటారు. కుకీ అనేది పేజీలో ఒక్క అక్షరం బయటికి వెళ్లకముందే పంపాలి. ఆ 3 బైట్లు ముందే వెళ్లిపోయేసరికి కుకీ పెట్టడానికి వీల్లేకపోయింది. ఫైల్ చివర మిగిలిపోయిన ఒక ఖాళీ వరుస కూడా ఇదే పని చేస్తుందని తర్వాత చదివాను. రెండు రోజులు పాస్‌వర్డ్‌నే అనుమానించాను.

కొత్తకలం
వచ్చేసింది!! లోపలికి వెళ్లాను. వ్యాసం డ్రాఫ్ట్‌లో భద్రంగా ఉంది. ఐకన్లు కూడా వచ్చేశాయి. దారిదీపం గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. అందరికీ ధన్యవాదాలు. ఒకసారి చివరి ప్రూఫ్ చూసి పబ్లిష్ చేసి మళ్లీ వస్తాను.

పొద్దుతిరుగుడు
చాలా సంతోషం. నేను పాస్‌వర్డ్ మార్చమనడానికి ముందే ఆ తప్పు పాస్‌వర్డ్ పరీక్ష అడిగి ఉండాల్సింది. ఇకమీదట ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే అడుగుతాను.

తాళంచెవి
ఈ చర్చ మున్ముందు వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి ఇంకొకటి రాస్తాను. పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది, లాగిన్ అవుతుంది, కానీ "ఈ పేజీ చూడటానికి మీకు అనుమతి లేదు" అంటుంది. అది వేరే రోగం. భద్రత కోసం డేటాబేస్ టేబుళ్ల పేరు ముందుండే డబ్ల్యూపీ అన్న ముక్కను మార్చమని ఎక్కడో చదివి, టేబుళ్ల పేర్లన్నీ మార్చాను, కాన్ఫిగ్ ఫైల్‌లో కూడా మార్చాను. కానీ ఆ ముక్క టేబుళ్ల లోపల కూడా ఉంటుంది. యూజర్‌మెటాలో ప్రతి మనిషి హోదా "డబ్ల్యూపీ కేపబిలిటీస్" అన్న పేరుతోనూ, ఆప్షన్స్‌లో హోదాల జాబితా "డబ్ల్యూపీ యూజర్ రోల్స్" అన్న పేరుతోనూ ఉంటాయి. అవి పాత పేర్లతోనే ఉండిపోయేసరికి, నేను ఎవరినో వర్డ్‌ప్రెస్‌కు తెలుసు గానీ నేను అడ్మిన్‌నని తెలియలేదు. ఆ పేర్లు కూడా మార్చాక సర్దుకుంది. నా అభిప్రాయం అడిగితే, నడుస్తున్న సైట్‌లో ఆ మార్పు వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. దాని బదులు రెండో అంచె ధ్రువీకరణ పెట్టుకోండి.

ఇసుకగడియారం
రెండో అంచె అన్నారు కాబట్టి నా అనుభవం. యాప్‌లో వచ్చే 6 అంకెల కోడ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పే అనేది. ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది. మీ ఫోన్ గడియారం, సర్వర్ గడియారం ఒకే సమయం చూపిస్తేనే రెండూ ఒకే అంకె లెక్కకడతాయి. నేను ప్రయాణంలో ఫోన్ టైమ్‌ను చేత్తో మార్చి అలాగే వదిలేశాను, నాలుగు నిమిషాల తేడా ఉంది. ఆటోమేటిక్ పెట్టగానే పనిచేసింది.

ఇది చిన్న సంగతే. అసలు దెబ్బ ఫోన్ పోయినప్పుడు తగిలింది. మొదట్లో ఇచ్చిన రికవరీ కోడ్‌లను స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచాను. ఇప్పుడు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను, అంకెలు మసకబారని ఇంకుతో.

మడతకాగితం
నేను సాంకేతికం తెలియని దాన్ని, ఒక స్వచ్ఛంద సంస్థ సైట్‌లో వార్తలు ఎక్కిస్తుంటాను. అది డ్రూపల్ మీద నడుస్తుంది, వర్డ్‌ప్రెస్ లాంటిదే ఇంకొకటి. మాకు వేరే బాధ. సరైన పాస్‌వర్డ్ కొట్టినా, తప్పు ప్రయత్నాలు ఐదు దాటాయి, ఖాతాను తాత్కాలికంగా ఆపాం అంటుంది. నేను ఓపిగ్గా పది నిమిషాలు ఆగి మళ్లీ కొడతాను, మళ్లీ అదే. ఎంతసేపు ఆగాలి?

దారిదీపం
ఆరు గంటలండి. డ్రూపల్ మామూలు అమరికలో ఒకే ఐపీ నుంచి ఒక ఖాతాకు 6 గంటల్లో 5 తప్పులు, ఒక ఐపీ నుంచి గంటలో 50 తప్పులు, అంతవరకే ఓర్చుకుంటుంది. ఆ గడువులో సరైనది కొట్టినా వినదు. మీ సైట్ చూసే సాంకేతిక మనిషికి చెప్పండి: డేటాబేస్‌లో ఫ్లడ్ టేబుల్ ఖాళీ చేస్తే చాలు. లేదా సర్వర్‌లో డ్రష్ యూఎల్ఐ అన్న కమాండ్ కొడితే ఒక్కసారికి పనికొచ్చే లాగిన్ లింకు పుడుతుంది. ఆ లింకుతో మీరు నేరుగా లోపలికి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఇంకో మాట, మీరు కొట్టకుండానే ఐదు తప్పులు పడుతున్నాయా అన్నది కూడా చూడమనండి.

మడతకాగితం
చాలా థాంక్సండీ. ఇన్నాళ్లూ నా చేతి తప్పే అనుకున్నాను. బ్రౌజర్ దాచుకున్న పాత పాస్‌వర్డ్ దానంతట అదే నిండిపోతోందని ఇప్పుడు చూస్తే తెలిసింది. ఆ ఐదు తప్పులూ అదే కొట్టినట్టుంది.

గూటిపిట్ట
వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన జూమ్లా వాడేవాళ్లు ఉంటే: కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రూట్ యూజర్ అని ఒక వరుస చేర్చి, పాస్‌వర్డ్ తెలిసిన మామూలు సభ్యుడి పేరు అక్కడ రాస్తే ఆయన తాత్కాలికంగా సూపర్ యూజర్ అవుతాడు. పని కాగానే ఆ వరుస తప్పకుండా తీసేయాలి. మా సైట్‌లో అలాంటి వరుస రెండేళ్లు అలాగే ఉండిపోయింది, ఎవరూ చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

నీలిసిరా
సైట్ నిర్వాహకుడి మెయిల్ ఐడీ గురించి ఎవరూ చెప్పలేదు. 2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి, ప్లగిన్ ఏదైనా పెద్ద లోపంతో సైట్‌ను పడగొడితే, రికవరీ లింకు ఒక మెయిల్‌లో వస్తుంది. దాంతో లోపలికి వెళ్లి ఆ ప్లగిన్‌ను ఆపేయొచ్చు. అంత మంచి ఏర్పాటు ఉన్నా మాకు అక్కరకు రాలేదు. ఆ మెయిల్ మూడేళ్ల క్రితం పని మానేసి వెళ్లిపోయినాయన పెట్టెకు పోయింది. ఇవాళే అందరూ సెట్టింగ్స్ తెరిచి అక్కడ ఎవరి ఐడీ ఉందో చూసుకోండి. ఆ ఐడీకి మెయిళ్లు నిజంగా చేరుతున్నాయా అన్నది కూడా. చాలా హోస్టింగుల్లో పీహెచ్‌పీ నేరుగా పంపే మెయిల్‌ను అవతలివాళ్లు నమ్మరు. ఎస్‌ఎంటీపీ ద్వారా, అంటే అసలైన మెయిల్ ఖాతాతో లాగిన్ అయి పంపేలా పెట్టుకుంటే చేరుతుంది.

కొత్తకలం
వ్యాసం పబ్లిష్ అయింది. మిగతా ముగ్గురూ కూడా లాగిన్ అయ్యారు. నీలిసిరా గారు చెప్పింది చదివి వెంటనే చూశాను, మా దాంట్లో సైట్ మొదలుపెట్టినప్పుడు ఎవరో ఇచ్చిన ఐడీ ఉంది, దాని పాస్‌వర్డ్ మా ఎవరి దగ్గరా లేదు. మార్చేశాను. మా నలుగురిలో అడ్మిన్ హోదా నా ఒక్కదాని దగ్గరే ఉంది, అది కూడా ఇప్పుడే గమనించాను.

ఒక సందేహం. నిన్నటి కంగారులో కొత్త పాస్‌వర్డ్‌ను మా వాళ్లకు చాట్‌లో పంపించాను. ఏం చేయాలి?

తాళంచెవి
మార్చేయండి, ఈసారి లోపలి నుంచే, మీ ప్రొఫైల్ పేజీలో. అక్కడే "మిగతా చోట్లన్నీ లాగౌట్" అన్న బటన్ ఉంటుంది, అది కూడా నొక్కండి. "నన్ను గుర్తుంచుకో" అని టిక్ పెట్టిన చోట కుకీ 14 రోజులు బతుకుతుంది, పెట్టకపోతే 2 రోజులు. మిగతా ముగ్గురికీ ఎవరి ఖాతా వాళ్లకు ఉంది కదా, మీ పాస్‌వర్డ్ వాళ్లకు అక్కర్లేదు. మీరు నమ్మే ఒకరికి అడ్మిన్ హోదా ఇవ్వండి, మిగతా ఇద్దరికీ ఎడిటర్ హోదా చాలు.

కొత్తకలం
మార్చాను, లాగౌట్ కూడా నొక్కాను. మా బొమ్మలు వేసే ఆవిడకు అడ్మిన్ ఇచ్చాను. ఆవిడ ఇప్పుడే తన ఫోన్ నుంచి లాగిన్ అయి, గ్రహణం బొమ్మలో పిల్లాడి కళ్లద్దాలకు నల్లరంగు సరిగా పడలేదని దాన్ని మార్చి పెడుతోంది.